దారి ఎవరిదో నాకు తెలుసు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాసేపు కూర్చుని, కాఫీ తాగి, "మీ ప్రాక్టీసులో మీరు మరిచిపోలేని కేసు ఏదండీ?" అని అడుగుతారు. ఏ హత్య కేసో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది రెండిళ్ళ మధ్య ఒక సందు గురించి. అప్పుడు చూడాలి వాళ్ళ ముఖాలు, పెళ్ళి భోజనానికని పిలిచి ఉప్మా పెట్టినట్టు ఉంటాయి. కానీ నా మట్టుకు నాకు ఆ సందు తలుచుకుంటే ఇప్పటికీ గుండె గతుక్కుమంటుంది.

నేను పనిచేసింది చిన్న ఊళ్ళో, చిన్న మునసబు కోర్టులో. మా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి సగం ఇరుగుపొరుగు తగాదాలే. చూరు నీళ్ళు మా వాకిట్లో పడుతున్నాయని ఒకడు, గేదె కట్టుగొయ్య మా హద్దులో పాతారని ఒకడు. హత్య కేసులో ముద్దాయితో ప్రశాంతంగా మాట్లాడవచ్చు. మురుగు కాలవ మీద కోర్టుకెక్కిన మనిషితో మాట్లాడలేం. మనం నోరు తెరిచేలోపే అతను అవతలి వాడి ముత్తాత దాకా వెళ్ళిపోతాడు.

తొంభైల చివర్లో సంగతి ఇది. మా వైపు జనానికి పత్తి పిచ్చి పట్టిన రోజులు. అంతకంటే పెద్ద పిచ్చి వాస్తు. నిన్నటిదాకా తూర్పున ఉన్న గుమ్మం ఇవాళ ఉత్తరానికి తిరిగేది. బాగున్న వంటిల్లు పడగొట్టి, ఇంకో మూల కట్టుకుని, ఆ ఇటుకల దుమ్ములోనే సుఖంగా నిద్రపోయేవాళ్ళు. ఆ వాస్తు పుణ్యమా అని మాకు కేసులకు కొదవ లేకపోయింది.

నా క్లయింటు దర్శికీ పొదిలికీ మధ్య ఒక పల్లెలో రైతు. మిరపా పత్తీ వేసేవాడు. ఊళ్ళో నలుగురూ వినే మనిషి. కొత్తగా డాబా కడదామని సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన దిక్సూచి పెట్టి చూసి, ఈశాన్యం కోత పడింది, ఈ స్థలంలో ఇల్లు కడితే కలిసిరాదు అన్నాడు. ఆ కోత పడిన చోట ఉన్నదే ఈ సందు. దాని వెనకాల ఒక పెంకుటిల్లు, అందులో ఒక విధవరాలు, ఆమెకు ఒక్కడే కొడుకు. కొడుకు కౌలుకి పొలం చేసేవాడు. ఆమె పాలు అమ్మేది. ఆ ఇంటి నుంచి వీధిలోకి రావాలంటే ఆ సందే దారి. ఇంటి వెనక చవిటి గుంట తప్ప ఇంకేం లేదు. నా క్లయింటు ఒకరోజు పొద్దున్నే తాపీవాళ్ళను పెట్టి సందుకు అడ్డంగా గోడ లేపేశాడు. ఆమె కోర్టుకి వచ్చింది.

మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు అతన్ని అడిగాను, నా దగ్గర దాచకుండా చెప్పవయ్యా, ఆ దారి ఎవరిది అని.

"పిన్నమ్మదేనండి" అన్నాడు. వరసకి ఆమె అతనికి పిన్నమ్మ. తగాదా వచ్చినా వరస పోలేదు. "మా నాన్నా, వాళ్ళాయనా నోటిమాట మీద స్థలం పంచుకున్నప్పుడు మా నాన్నే వదిలాడు. పోయేముందు కూడా నాతో అన్నాడండి, ఆ దారి జోలికి మాత్రం పోబాకరా అని."

"మరి గోడ ఎందుకు కట్టావు?"

"ఈశాన్యమండీ!" అన్నాడు. అంత తెలివైన లాయరుకి ఇది కూడా తెలియదా అన్నట్టు నావైపు జాలిగా చూశాడు.

పిల్లలూ, ఇలాంటివి మీరూ వింటారు. విన్నది మీలోనే ఉండిపోవాలి. క్లయింటు మన చెవిలో వేసిన మాట బయటికి పొక్కకూడదన్నది మన వృత్తికి మొదటి కట్టుబాటు. నేను రాజీ చేసుకోమని చెప్పి చూశాను. వేరే వైపు నుంచి కాస్త స్థలం ఇవ్వమన్నాను. తల ఊపాడు గానీ కదల్లేదు. కాగితం లేని పంపకం కాబట్టి ఆమె తన దారి తనదని సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి, మనం ఎదురు ప్రశ్నలు వేయాలి. కేసు ఆ రకంగా నడిచింది.

ఆమె తరఫు లాయరు మా కోర్టులో అందరికంటే పెద్దాయన. ముక్కుపొడుం మనిషి. కోపం వస్తే జడ్జిగారి ముందైనా సరే మూడుసార్లు తుమ్మి గానీ మాట్లాడేవాడు కాదు. మనసు మాత్రం వెన్న. ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదని మా అందరికీ తెలుసు, పైకి మాత్రం తీసుకున్నట్టు గద్దించేవాడు.

సాక్ష్యం రోజు ఆమె బోను ఎక్కింది. భర్త బండి ఆ సందులోనే తోలేవాడని చెప్పింది. నేను ప్రశ్నలు వేయడానికి లేచాను. నా వెనక నుంచి నా క్లయింటు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క మాట. ఇన్ని ప్రశ్నలెందుకండీ? పిన్నమ్మని మా ఊరి వీరభద్రుడి ముందు దీపం ఆర్పి ఆ మాట చెప్పమనండి. చెబితే గోడ నేనే పడగొడతా."

నేను నిర్ఘాంతపోయాను. లాయరుకి ముందు చెప్పకుండా ఇంత మాట అంటాడా?

దీపం ఆర్పడమంటే ఏమిటో పట్నంలో పెరిగిన మీకు తెలియకపోవచ్చు. తలారా స్నానం చేసి, తడిబట్టలతో గుడికి వచ్చి, స్వామి ముందు వెలిగించిన దీపాన్ని చేత్తో ఆర్పి, నేను చెప్పేది అబద్ధమైతే నా ఇల్లు నాశనం అనాలి. ఆ పంట ఇంటికి వచ్చేలోపు ఆ ఇంట్లో ఏ కీడూ జరగకపోతే చెప్పింది నిజం. జరిగితే అబద్ధం. ఊరి లెక్క అది. తమాషా ఏమిటంటే దీనికి చట్టంలో కూడా చోటుంది. ఒక పక్షం ఇలా ప్రమాణం చేయమని అడిగి, రెండో పక్షం ఒప్పుకుని చేస్తే, ఆ చెప్పిన మాట మీదే కోర్టు రాజీ డిక్రీ ఇచ్చేయవచ్చు. మా మునసబుగారు అప్పుడే బదిలీ మీద వచ్చిన కుర్రాడు. పుస్తకం తీసి, ఆ సెక్షను వేలు పెట్టి చదువుకుని, ఒక కేసు వదిలిపోతుందన్న సంతోషం ముఖంలో దాచుకోలేకపోయాడు.

నేను క్లయింటుని వరండాలోకి లాక్కుపోయాను.

"నీకు మతి ఉందా? దారి ఆమెదేనని నువ్వే చెప్పావు కదయ్యా! ఆమె ఆర్పేస్తే?"

"ఆర్పదండీ" అన్నాడు నింపాదిగా. "నిజమైనా సరే ఆర్పదు. ఒక్కగానొక్క కొడుకు. పిల్లలున్న ఏ ఆడమనిషి వీరభద్రుడితో పెట్టుకుంటుందండీ?"

ఏ లా కాలేజీలోనూ ఇంతటి ఎత్తు నేర్పరు. ఆమె భక్తినే ఆమెకు అడ్డంగా గోడ కట్టాడు, రెండో గోడ.

లోపలి నుంచి పెద్ద లాయరుగారి తుమ్ములు వినిపించాయి, ఒకటి, రెండు, మూడు. ఆ వెంటనే ఆమె గొంతు. "ఆర్పుతానయ్యా. ఉన్నమాట చెప్పటానికి నాకేం భయం?"

ప్రమాణం రోజు ఊరంతా గుడి ముందే ఉంది. కోర్టు తరఫున కమిషనరుగా వచ్చిన జూనియరు లాయరు, కాగితాలు చేత్తో పట్టుకుని పెళ్ళి చూపులకు వచ్చినవాడిలా బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. ఆమె తడి చీరతో, జుట్టు విరబోసుకుని వచ్చింది. కొడుకు తల వంచుకుని దూరంగా నిలబడ్డాడు. "ఈ దారి మా ఇంటిది. మా ఆయన బతికున్నన్నాళ్ళూ బండి ఈ దారినే తోలాడు. నేను చెప్పేది అబద్ధమైతే నా ఇల్లు నాశనమైపోవాల" అని, ఒత్తిని వేళ్ళతో నలిపేసింది. వేళ్ళు కాలినా అమ్మా అని కూడా అనలేదు.

నా క్లయింటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ మాట మీద నిలబడ్డాడు, ఆ ఒక్కదానికి మెచ్చుకోవాలి. ఆ సాయంత్రమే గడ్డపలుగు తెచ్చి తన గోడ తనే పడగొట్టాడు. డిక్రీ ఆమెకు వచ్చింది. ఓడిపోయిన కేసుకి నేను మనసులో పండగ చేసుకోవడం అదే మొదటిసారి. దారి ఎవరిదో వాళ్ళకి చేరింది, నేను నోరు విప్పే అవసరం లేకుండానే. కథ అక్కడ ఆగిపోయి ఉంటే ఇవాళ మీకు చెప్పేవాణ్ణే కాదు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు వచ్చింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ రైతులు గొంతు తగ్గించి మాట్లాడతారు. పూత మీద మొదలైంది, కాయలోకి దిగింది. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు, చేను మాత్రం మాడింది. బస్సులో వెళుతుంటే కిటికీలోంచి మందు వాసన, రెండు వైపులా తొలిచిన కాయలు. మా జిల్లాలోనూ, పక్క జిల్లాలోనూ, ఎక్కడ చూసినా అదే. ఆమె కొడుకు కౌలు పత్తి పోయింది. నా క్లయింటు పత్తీ పోయింది. ఆ ఊళ్ళో ఎవరి పత్తీ ఇంటికి రాలేదు.

ఒకరోజు నా క్లయింటు వచ్చి కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"అయ్యా, ఇదంతా నావల్లేనా?"

"ఏది?"

"పురుగండీ. నిజం చెప్పే మనిషి చేత దీపం ఆర్పించాను. స్వామికి కోపం వచ్చింది."

"పురుగు పక్క జిల్లాలో కూడా పడింది కదయ్యా. అక్కడ ఎవరు ఆర్పారు దీపం?"

కాసేపు ఆలోచించాడు. "అక్కడ కూడా ఎవరో ఆర్పే ఉంటారండీ" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ అతని కళ్ళు చూసి ఆపుకున్నాను. "నీ మనసు తేలిక పడాలంటే ఒకటే మార్గం. ఊళ్ళోకి పోయి, నలుగురిలో నిలబడి, దారి పిన్నమ్మదేనని మీ నాన్న నీతో అన్నాడని చెప్పు" అన్నాను. చెబుతానన్నాడు. కళ్ళు తుడుచుకుని మరీ వెళ్ళాడు. నేను నమ్మాను.

ఊళ్ళో ఈలోపు లెక్క ఇంకోలా తేలింది. పంట ఇంటికి వచ్చేలోపు ఆమె ఇంటికి కీడు జరిగింది, పత్తి పోయింది. కాబట్టి ఆమె చెప్పింది అబద్ధం. మరి మిగతా అందరి పత్తి ఎందుకు పోయింది? ఆమె ఊరి దేవుడి ముందు అబద్ధమాడింది కాబట్టి ఆ పాపం ఊరందరికీ తగిలింది. ఎవరు మొదట అన్నారో తెలియదు. పురుగు ఎందుకు చావలేదో చెప్పేవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు, ఈ మాట చెప్పేవాళ్ళు మాత్రం ఇంటికొకరు తేలారు. ఆమె దగ్గర పాలు పోయించుకోవడం మానేశారు. పంపు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు పక్కకు జరుపుకునేవారట. కొడుకుని కూలికి పిలవడం మానేశారు. నా క్లయింటు ఈ మాటలన్నీ రచ్చబండ దగ్గర కూర్చుని విన్నాడు, నోరు మెదపలేదు. తన మీద పడాల్సింది పక్కకు పోతుంటే ఎవడు చెయ్యి అడ్డం పెట్టి ఆపుతాడు?

ఇదంతా నాకు తరువాత తెలిసింది. తెలిసిన రోజు సంగతి చెబుతాను.

పొద్దున్నే గది తలుపులు తీస్తుంటే ఇద్దరూ వచ్చారు. ఆమె, నా క్లయింటు, ఒకే బస్సులో. నేను రాజీ పడ్డారేమో అనుకుని సంబరపడ్డాను.

"దారి అబ్బాయికి రాసిస్తా బాబూ. కాగితం మీరు రాయండి" అంది ఆమె, నా క్లయింటుని చూపిస్తూ. "మా లాయరుగారి దగ్గరకి పోతే కేకలేశాడు. నేను గెలిపించిన దారిని నా చేత్తోనే రాసిమ్మంటావా అని పొడుం డబ్బా విసిరికొట్టాడు."

మనిషి సగమైపోయింది. ఊళ్ళో జరుగుతున్నదంతా ఒక్కొక్కటే చెప్పింది, ఎవరి మీదా కోపం లేకుండా, తప్పు తనదే అన్నట్టు. నా క్లయింటుని బయట కూర్చోమన్నాను. తలుపు దగ్గరకి వేశాను. ఆ రోజు నేను చేసిన పని వృత్తిలో ఎవరూ చేయకూడనిది. మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ చేస్తాను.

"అమ్మా, దారి నీదే. నువ్వు చెప్పింది నిజం. నాకు ఖాయంగా తెలుసు" అన్నాను.

"మీకెట్టా తెలుసు బాబూ?"

"అతనే చెప్పాడు. కేసు తెచ్చిన మొదటి రోజే. వాళ్ళ నాన్న వదిలాడనీ, పోయేముందు కూడా ఆ మాటే అన్నాడనీ."

ఆమె నా వంక చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. బయటికెళ్ళి అతని గల్లా పట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆమె మెల్లగా నవ్వింది.

"మీరు మంచోళ్ళు బాబూ. ముసల్దాని మనసు కుదుటపడాలని అంటున్నారు. అబ్బాయికి తెలిసుంటే నన్ను దీపం ఎందుకు ఆర్పమంటాడు? తెలిసి తెలిసి ఏ మనిషైనా దేవుణ్ణి పిలుచుకుంటాడా?"

జీవితంలో ఎన్నో వాదనలు విన్నాను, ఎన్నింటినో విరగ్గొట్టాను. దీన్ని మాత్రం విరగ్గొట్టలేకపోయాను.

"మా ఆయన నాకు చెప్పిందే నేను చెప్పా" అంది మళ్ళీ. "ఆయనే పొరపాటు పడ్డాడేమో. ఊరు ఊరంతా పురుగు తిని పోయినాక నాకు దారెందుకు బాబూ? నా బిడ్డని మనుషుల్లో కలవనిస్తే చాలు."

నేను ఆగలేక తలుపు తీసి అతన్ని లోపలికి పిలిచాను. ఆమె ఎదుటే అడిగాను. "చెప్పవయ్యా, మీ నాన్న పోయేముందు నీతో ఏమన్నాడు?"

అతను నేల చూశాడు. తరువాత నా కళ్ళలోకి చూశాడు. "నాన్న అప్పటికే జ్వరంలో ఉన్నాడండీ. మాట ముద్దముద్దగా వచ్చేది. నేను సరిగ్గా విన్నానో లేదో నాకే తెలవటం లేదండీ. నేనే అట్టా అనుకున్నానేమో."

బోనులో అబద్ధమాడేవాళ్ళని చూడటమే నా బతుకు. మెడ ఎటు తిరుగుతుందో, గుటక ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. అతనిలో అవేమీ కనబడలేదు. అతను అబద్ధమాడటం లేదు. నన్ను నిలువునా వణికించింది అదే. భయంతో వణుకుతూ నా గోడకి ఆనుకున్న మనిషి, కొన్నాళ్ళు నోరు మూసుకుని, ఊరి మాటే వింటూ వింటూ, తన తండ్రి మాటను తన చెవుల్లోంచే తుడిచేసుకున్నాడు. అబద్ధమాడేవాణ్ణి ప్రశ్నలతో పట్టుకోవచ్చు. నమ్మేసినవాణ్ణి ఎక్కడ పట్టుకుంటాం?

నేను కాగితం రాయనన్నాను. వాళ్ళు నొచ్చుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చెట్టు కింద దస్తావేజులు రాసేవాళ్ళు బోలెడంతమంది. మధ్యాహ్నం నేను కోర్టు నుంచి వస్తుంటే ఇద్దరూ ఆ ఆఫీసు మెట్లు దిగుతున్నారు. "మెట్టుంది పిన్నమ్మా, చూసుకో" అంటూ ఆమె మోచెయ్యి పట్టుకుని దించుతున్నాడు. తరువాత ఇద్దరూ సోడా తాగారు. ఎవరైనా చూస్తే తల్లీ కొడుకులు అనుకుంటారు.

ఆ సాయంత్రం బార్ గదిలో పెద్ద లాయరుగారికి అంతా చెప్పాను. ఆయన పొడుం పీల్చలేదు, తుమ్మలేదు.

"ఆమెకి చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పేశానండీ."

"పైవాళ్ళకి తెలిస్తే నీ లాయరు సన్నదు ఊడుతుంది, తెలుసుగా?"

"తెలుసండీ."

"నమ్మిందా?"

"లేదండీ."

"అయితే నీ సన్నదు భద్రం" అన్నాడు. అని, ఆ మాటకి తనే తట్టుకోలేక కండువాతో ముఖం కప్పుకున్నాడు. కోర్టులో ముప్పుతిప్పలు పెట్టే ఆ మనిషి అలా కూర్చోవడం నేను మళ్ళీ చూడలేదు.

సందుకు అడ్డంగా గోడ మళ్ళీ లేచింది. ఆమె చవిటి గుంట గట్టు మీదుగా, అవతలి మిరప తోటల పక్కనుంచి చుట్టు తిరిగి వీధిలోకి రావడం మొదలుపెట్టింది. పాలు మళ్ళీ పోయించుకుంటున్నారని విన్నాను. డాబా గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. వెళ్ళలేదు.

మరుసటి ఏడు వానలు అదనుకి పడ్డాయి. పురుగు పడినా లెక్కలోకి వచ్చేంత కాదు. పత్తి తెల్లగా విచ్చుకుంది, ఊళ్ళ వెంట బోరాలు కట్టడానికి మనుషులు చాల్లేదు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. చేతిసంచిలో నాకోసం వంకాయలు. కాళ్ళు చీలమండల దాకా బురద. మనిషి కాస్త ఒళ్ళు చేసింది, ముఖంలో కళ వచ్చింది. గృహప్రవేశానికి అబ్బాయి తనకి చీర పెట్టాడనీ, కొడుక్కి సంబంధాలు వస్తున్నాయనీ చెప్పింది.

"ఊరంతా పండింది బాబూ. మావాడి చేలో కూడా కాసింది. దారి ఇచ్చేశానో లేదో, స్వామి శాంతించాడు."

వానలు అనబోయి ఆగాను. పురుగు అనబోయి ఆగాను.

"ఆరోజు నేను నిజమే చెప్పానన్నారు మీరు" అంది, నాకు నొప్పి కలగకుండా చెప్పాలన్నట్టు మెల్లగా. "పాపం, మీరూ పొరబడ్డారు. నేను ఆడింది అబద్ధమే బాబూ. ఇప్పుడైనా నమ్ముతారా?"

జవాబు కోసం ఎదురు చూస్తోంది. ఆ దారి ఎవరిదో అతని నోటితో విన్నవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే మిగిలాను.

"నమ్మానమ్మా" అన్నాను.

ఆమె చాలా సంతోషపడింది. చీకటి పడితే గుంట గట్టు మీద నడవడం కష్టమంటూ లేచి వెళ్ళింది.